చెంచా కాడ మీది సంవత్సరం

ఉదయగిరి కోట 1436లో పడలేదు. ఆ సంగతి నాకు ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి చెప్పింది. అప్పటికి నేను బోర్డు నిండా 1436 సంగతులు రాసేసి, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ నిలబడి ఉన్నాను. చివరి బెంచీలో ప్రిన్సిపాల్ మేడం కూర్చుని ఉన్నారు. నాకు ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఒక్క పీరియడ్‌లో తేలాలి.

ఇది జరిగి ఏడాది దాటింది. పాపను నిద్రపుచ్చి రాసుకుంటున్నాను. ఇప్పుడు ధైర్యంగానే రాయగలను.

మా అత్తగారిల్లు ఉదయగిరిలో, కొండ కింద. మామ చెక్క చెంచాలు, గరిటెలు చేస్తారు. నర్ది అనే చెట్టు కర్రను పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి, పగలకుండా తడి గోనెలో చుట్టి పెట్టుకుంటారు. మామ చెక్కుతారు. అత్త ఆకురాయితో రాకి, గరుకు కాగితంతో నునుపు చేస్తుంది. కోట చూడటానికి వచ్చేవాళ్ళు కొనుక్కునే చెంచాల కాడ మీద మామ సన్న ఉలితో ‘ఉదయగిరి కోట 1436’ అని చెక్కుతారు. ఆ అంకె ఏమిటని ఎవరైనా అడిగితే చాలు, పని ఆపేస్తారు.

“గజపతుల కోట అది. విజయనగరం రాయలు వచ్చి ఏడాదిన్నర చుట్టుకోని కూసున్నాడు. రాళ్ళు పగలగొట్టి కొండమీదికి దోవ చేసుకున్నాడు. కడాకు పట్టినాడు. ఆ యేడు ఇది” అని వేలితో అంకె మీద తడతారు.

అంకె ఆయన ఊహించింది కాదు. తన పెళ్ళయిన కొత్తలో, శాసనాలకు నకలు తీసే పెద్దమనుషులు వస్తే, వాళ్ళ సామాను మోసుకుంటూ కొండెక్కారట. తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దే పని అది. వాళ్ళలో ఒకాయన అక్షరాలు కూడబలుక్కుని పైకి చదువుతుంటే మామ తన నోటు పుస్తకంలో రాసుకున్నారు. అట్ట ఊడిన ఆ పుస్తకం ఇప్పటికీ ప్లాస్టిక్ కవరులో, రేషను కార్డు పక్కన ఉంటుంది. దానికున్న మర్యాద ఇంట్లో ఇంకే కాగితానికీ లేదు.

నేను చదివింది బి.కాం., ఆ తర్వాత బి.ఇడి. మాది ఆత్మకూరు. పెళ్ళికి ముందు నుంచీ అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పాను. పాప కడుపున పడ్డాక మానేశాను. పాప పుట్టాక మూడేళ్ళు ఇంట్లోనే. నాకు భయం ఎక్కువ. పాప ఒకసారి దగ్గితే రెండో దగ్గు కోసం చెవి ఒగ్గి కూర్చుంటాను. నిద్రలో ఊపిరి తీస్తోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఆ మూడేళ్ళలో ఇంకో భయం కూడా చేరింది. ‘ఆఁ, తిను, అది ముట్టుకోకు’ తప్ప ఇంకో మాట మాట్లాడని నేను, నలభైమంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పగలనా అని.

అందుకే అదే స్కూలు నుంచి సోషల్ పోస్టు ఖాళీగా ఉందని కబురు వచ్చినప్పుడు, నాకు కావలసింది జీతం ఒక్కటే కాదు. నా బుర్ర ఇంకా నా దగ్గరే ఉందని తెలియాలి. ప్రిన్సిపాల్ మేడం ఫోనులో చెప్పారు, “డెమో క్లాసు ఒకటి చెప్పండి. ఏడో తరగతి, మధ్యయుగం. పాఠం మీ ఇష్టం.”

మధ్యయుగం అనగానే పిల్లల మొహాలు ఎలా వాడిపోతాయో నాకు తెలుసు. రాజు, కాలం, యుద్ధం, మళ్ళీ రాజు. నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మా అమ్మను కన్న ఆ మనిషికి ఏ సంవత్సరమూ అంకెగా తెలియదు. ‘అమ్మ ఎప్పుడు పుట్టింది అవ్వా’ అని అడిగితే, “గాలివాన వచ్చి చర్చి పైకప్పు లేచిపోలా? ఆ యేడే మన ఎర్రావు ఈనినాది. ఆ యేడే మీ తాత సైకిలు కొన్నాడు. ఆ యేడే మీ అమ్మ పుట్టినాది” అనేది. అమ్మ చివరికొచ్చేది, ఆవు తర్వాత, సైకిలు తర్వాత. అమ్మ మూతి ముడుచుకునేది. కానీ ఆ ఏడంతా మా కళ్ళకు కట్టేది.

అలాగే చెబుదామనుకున్నాను. మన కోట పడిన ఏడు. ఆ యేడే లోకంలో ఎక్కడెక్కడ ఏం జరిగింది? సంవత్సరం వెతుక్కోనక్కరలేదు. మా ఇంట్లో ప్రతి చెంచా మీదా ఉంది.

పాపను ఒళ్ళో పెట్టుకుని వారం రోజులు వెతికాను. 1436 చాలా మంచి ఏడు. ఇటలీలో ఒక పెద్ద చర్చికి గోపురం పూర్తయింది. అంత వెడల్పు గోపురం కింద కర్రల ఆసరా లేకుండా నిలుస్తుందని ఎవరూ నమ్మలేదట. పారిస్ ఊరివాళ్ళు తలుపులు తెరిచి సొంత సైన్యాన్ని రానిస్తే, అప్పటిదాకా ఊరిని ఏలుతున్న ఆంగ్లేయులు ఖాళీ చేసి పోయారు. జర్మనీ వైపు ఒకతను ఎవరికీ చెప్పకుండా అచ్చు పనిముట్ల మీద తంటాలు పడటం ఆ రోజుల్లోనే అంటారు. చైనా గద్దె మీద ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఉన్నాడు.

“ఏందమ్మే, పొద్దస్తమానం ఆ ఫోనుతో?” అంది అత్త, ఆకురాయి ఆపకుండానే.

“పారిస్‌లో ఏం జరిగిందో చూస్తుండాను అత్తా.”

“మనోళ్ళు ఎవురుండారు అక్కడ?”

“ఎవరూ లేరు.”

“మరి మనకేంది?”

చైనా పిల్లవాడి గురించి చెప్పాను. అత్త ఆకురాయి ఆగింది.

“ఎనిమిదేండ్లకు రాజా? ముడ్డి కడుక్కునేదన్నా వచ్చునా వానికి?”

“వాళ్ళ అవ్వ చూసుకున్నదంట అత్తా. రాజ్యం కూడా ఆమే నడిపిందంట.”

“అద్దీ మాట!” అని అత్త మళ్ళీ రాకడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం చెంచాలు పట్టుకుపోవడానికి వచ్చినామెతో, “చైనాలో అవ్వలు రాజ్యాలేలినారు, తెలుసునా నీకు? ఇక్కడ మనకి టీవీ రిమోటు గూడా ఈరు” అనడం విన్నాను.

ఒకటి ఒప్పుకోవాలి. కోట పట్టుకున్న రాయలు 1509లో గద్దెనెక్కాడని ఏడో తరగతి పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ నేను చదివాను. కింద గీత కూడా గీశాను. ఆ అంకెనూ చెంచా మీది అంకెనూ పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం తోచలేదు. పుస్తకంలోది పుస్తకానిది, ఇంట్లోది ఇంటిది.

శుక్రవారం పొద్దున పాపను చంకనేసుకుని నెల్లూరు బస్సెక్కి ఆత్మకూరులో దిగాను. సంచిలో చార్టు, మామ చెక్కిన చెంచాలు, ఆయన పట్టుబట్టి ఇచ్చిన నోటు పుస్తకం. “చూపియ్యి. రాసింది ఉండాదని తెలియాల వాళ్ళకి” అన్నారు. అమ్మ స్కూలు దగ్గరికే వచ్చి పాపను ఎత్తుకుంది. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి ఒక చెంచా ఇచ్చాం. పాప దాంతో బల్లను టక్ టక్ టక్ అని వాయించడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ పాప బాగుందని లెక్క. చెవి అటు, నోరు ఇటు పెట్టుకుని నేను క్లాసులోకి వెళ్ళాను.

అయిదు నిమిషాలకే తెలిసిపోయింది, నేనేమీ మరిచిపోలేదని. గొంతు దానంతటదే పైకి లేచింది. చెంచాలు బెంచీల మీదుగా తిరిగాయి. పిల్లలు అంకె మీద వేళ్ళు రాసి చూశారు. ఒక్కొక్క సంగతికీ ‘ఆ యేడే’ అని నేను అనడం, వాళ్ళు వెనకాలే ‘ఆ యేడే’ అని అరవడం. చైనా పిల్లవాడికి హోంవర్కు ఉండేదా అని ఒకడు అడిగాడు. మేడం కూడా నవ్వారు.

అప్పుడు వరండాలో టక్ టక్ ఆగిపోయింది.

ఏడుపు వినబడితే కారణం ఉంటుంది. ఏమీ వినబడకపోతేనే నాకు భయం. తలుపు వైపు చూస్తుంటే రెండో వరసలో ఒక అమ్మాయి లేచింది. రెండు జడలు, చేతిలో తెరిచిన పుస్తకం.

“మేడం, ఒక డౌటు. కోట పట్టిన రాజు 1509లో రాజయినాడని ఈడ రాసి ఉండాది. మీరు 1436 అంటుండారు.”

“అవును.”

“అంటే పుట్టకముందే వచ్చి పట్టినాడా మేడం?”

క్లాసంతా గొల్లుమంది. వెనక నుంచి ఒకడు, “వాళ్ళ తాత వచ్చుంటాడులేమే!” అన్నాడు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, “నీ తాతా?” అని మళ్ళీ నా వైపు తిరిగి నిలబడింది. ఎగతాళికి అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది.

బోర్డు వైపు చూశాను. నా చేత్తో రాసిన 1436 అంత పెద్ద అక్షరాల్లో ఉంది. ‘ఇద్దరు రాజులున్నారు, తర్వాత చెబుతాను, కూర్చో’ అని ఒక్క మాట అంటే ఆ పూటకు గడిచిపోతుంది. నాకు చెప్పిన టీచర్లు అలా ఎన్నోసార్లు అన్నారు. నేనూ ఒకటి రెండుసార్లు అన్నాను.

“నేను తప్పు రాసినట్టుండాను” అన్నాను. “ఎక్కడ తప్పినానో చూద్దాం రా.”

నోటు పుస్తకం తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాను. మామ రాత గుండ్రంగా, కష్టపడి రాసినట్టు ఉంటుంది. అంకెకు ముందున్న మాట ఆ అమ్మాయి పైకి చదివింది. శక వర్షములు. అంకె తర్వాతది కూడా చదివింది. భావ సంవత్సరం.

నాకు ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. రాయి సరిగ్గానే చెప్పింది. మామ సరిగ్గానే రాసుకున్నారు. చెంచా కాడ మీద చోటు చాలక అంకె ఒక్కటే చెక్కారు. అంకెనే నోటితో చెబుతూ వచ్చారు. చెప్పగా చెప్పగా అదే ఇంగ్లీషు సంవత్సరమైపోయింది. నేను పుస్తకం తెరవకుండా చెంచాను నమ్మాను.

“శక అంటే తెలుసునా ఎవరికైనా?”

“మా ఇంట్లో క్యాలెండర్లో ఉంటది మేడం. ఉగాది కాడ.”

“అదే. ఆ లెక్క డెబ్బై ఎనిమిదేళ్ళు వెనక ఉంటుంది. కలిపి చూడు.”

అమ్మాయి బోర్డు మీద కూడింది. 1514. “సరిపోయినాది మేడం. అప్పటికి రాజయి అయిదేండ్లు” అంది, తనే గెలిచినంత సంతోషంగా.

మిగిలిన బోర్డంతా ఏం చేయాలి? చెరపలేదు. “డెబ్బై ఎనిమిదేళ్ళంటే ఎంత?” అని అడిగాను. “మా అవ్వంత!” అని ఒక పిల్ల అరిచింది. “సరే. ఆ గోపురం పూర్తయిన ఏడు మన కొండ కింద ఒక పాప పుట్టిందనుకోండి. కోట పడిన ఏటికి ఆ పాప మీ అవ్వంత అయి ఉంటుంది” అన్నాను. ఇంకా ఏదో అనబోతుంటే గంట కొట్టారు. వరండాలో మళ్ళీ టక్ టక్ మొదలైంది. బిస్కెట్టు తినడానికి ఆపిందట, అంతే.

ప్రిన్సిపాల్ మేడం తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించారు.

“తప్పు ఒప్పుకున్నారు. బాగుండాది. కానీ తప్పు తప్పే గదమ్మా. డెమోకే ఇట్లయితే రేపు పరీక్ష పేపర్లో ఏం చేస్తారు?”

టీ గ్లాసు కింద పెట్టాను.

“సోమవారం రండి. అదే క్లాసు, అదే పిల్లలు. ఈసారి సరైన సంవత్సరంతో చెప్పండి. అప్పుడు మాట్లాడుకుందాం.”

బస్సులో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. నా దిగులు సోమవారం గురించి కాదు. అది నేను చెప్పగలను. మామకు ఎలా చెప్పడం?

అన్నం తినేటప్పుడు చెప్పాను. ఆయన ముద్ద కలపడం ఆపారు.

“అంటే రాయి అబద్ధమా?”

“రాయి కాదు మామా. రాయిలో శక అని ఉండాది. మీరూ రాసుకున్నారు. చెంచా మీద లేదు, అంతే.”

“ఇన్నేండ్లు ఎంతమందికి చెప్పినాను నేను!”

అత్త ఊరుకుంటుందా? “చూసినావా మీ మామ బలం? రాయలు రాకముందే, డెబ్బై ఎనిమిదేండ్ల ముందే, ఒక్క ఉలితో కోట పడగొట్టినాడు!”

మామ చేయి కడుక్కుని బయటికి వెళ్ళిపోయారు. శనివారమంతా గోనె విప్పలేదు. ఉలి చప్పుడు కూడా లేదు. నేను చేసిన పని మంచిదా కాదా అని మధ్య మధ్యలో అనిపించింది. అయినా 1514 వెతుకుతూనే ఉన్నాను. ఈసారి ప్రతి సంగతీ రెండు మూడు చోట్ల చూసుకుని, పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని రాసుకున్నాను.

1514 ఇంకా మంచి ఏడు. అంతకుముందే కొచ్చి నుంచి ఓడలో పోర్చుగల్‌కు పోయిన మన దేశపు తెల్ల ఏనుగు ఒకటి, ఆ యేడే రోమ్ చేరి, పెద్ద మతగురువు ముందు మోకరిల్లింది. ఆ తర్వాత తొండంతో చుట్టూ ఉన్నవాళ్ళ మీద నీళ్ళు చల్లిందట. ఆ యేటికే ఒకాయన భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చేత్తో రాసి, దగ్గరివాళ్ళకు మాత్రం చూపించాడు. ఆ యేడే తుర్కుల ఫిరంగుల ముందు పర్షియా గుర్రాలు నిలవలేకపోయాయి. ఆ యేడే జర్మనీలో ఒక చిత్రకారుడు తలకు చేయి ఆనించుకుని కూర్చున్న ఒక ఆడమనిషి బొమ్మ చెక్కాడు. ఆమె వెనక గోడ మీద అంకెల గడులుంటాయి. ఎటు కూడినా ముప్పై నాలుగు. అడుగు వరసలో 15, 14 పక్కపక్కన ఉంటాయి. అదే ఏడు అతను తన తల్లి బొమ్మ కూడా బొగ్గుతో గీశాడు. రెండు నెలలకు ఆమె పోయింది. ఆ బొమ్మ ఫోనులో చాలాసేపు చూశాను. ముడతలు పడిన మొహం, ఒక కన్ను ఎటో చూస్తూ.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మామ ఉలి పట్టుకుని కూర్చుని ఉన్నారు. కొత్త కర్ర కాదు. అమ్మకుండా మిగిలిన చెంచాలు గంపలో పోసుకుని, ఒక్కొక్కటే తీసి అంకెకు ముందున్న ఇరుకులో ఏదో చెక్కుతున్నారు. దగ్గరికి వెళ్ళి చూశాను. ‘శక’. చోటు లేక రెండక్షరాలూ అంకెను ఒరుసుకుని, కొంచెం వంకరగా ఉన్నాయి.

“ఇప్పుడు సరిపోయినాదా?” అన్నారు, తల ఎత్తకుండా.

“సరిపోయింది మామా.”

“ఆ పిల్లకి చూపియ్యి. డౌటు అడిగినాదే, ఆ పిల్లకి” అని ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

సోమవారం పాప మళ్ళీ వరండాలో, అమ్మ దగ్గర. క్లాసులో ఆ అమ్మాయి ముందు బెంచీకి వచ్చి కూర్చుంది, పుస్తకం ముందే తెరుచుకుని. చెంచా ఇచ్చాను. తిప్పి తిప్పి చూసి, పక్కవాళ్ళకు చూపించి, “ఇప్పుడు కరెక్టు” అని తీర్పు చెప్పింది. ఏనుగు నీళ్ళు చల్లిన చోట క్లాసు ఊగిపోయింది. అంకెల గడులు బోర్డు మీద వేస్తే అడ్డంగా, నిలువుగా, ఐమూలగా కూడి కూడి అరిచారు. పీరియడ్ అయిపోవస్తుండగా మళ్ళీ అదే చేయి లేచింది.

“మేడం, ఏడాదిన్నర కోట చుట్టూ సైన్యం ఉన్నాదంటిరే. లోపల చిన్నపిల్లోళ్ళు ఉంటారు గదా. వాళ్ళకి పాలు ఎట్లా?”

ఆదివారం రాత్రి పాప నిద్రలో నా చెయ్యి పట్టుకుని ఉన్నప్పుడు నేనూ అదే అనుకున్నాను. రోమ్‌లో ఏనుగు ఎన్నిసార్లు మోకరిల్లిందో రాసిపెట్టినవాళ్ళున్నారు. మా ఇంటి వెనక కొండ మీద పసిపిల్లలకు ఏం తాగించారో నాకు ఎక్కడా కనబడలేదు.

“వెతికినాను. కనపడలేదు” అన్నాను. “తెలీదమ్మా.”

“మేకలు తోలుకోని పోయుంటారు మేడం” అంది ఆ అమ్మాయి. “మేకలయితే కొండ మీద ఏదైనా తింటాయి.”

అంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు. అది ఊహ అని చెప్పి, బోర్డు మీద ఒక మూల ‘మేకలు?’ అని రాశాను. వెనక నుంచి ప్రిన్సిపాల్ మేడం లేచారు.

“రెండు క్లాసుల్లో ఒకసారి తప్పన్నారు, ఒకసారి తెలీదన్నారు” అన్నారు వరండాలో, పాప చేతిలోని చెంచా తీసుకుని చూస్తూ. “రేపట్నుంచి వచ్చేయండి. పాపను ఎల్‌కేజీలో కూసోబెడదాం. ఈ చప్పుడు మాత్రం తగ్గించాల.”

అప్పటి నుంచి రోజూ అదే బస్సు. పాప కిటికీ పక్కన, నేను ఆమె పక్కన. ఇప్పటికీ క్లాసులో ఉంటే చెవి ఎల్‌కేజీ వైపే ఉంటుంది. ఏ పాఠానికైనా సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూసుకోకుండా సంచి సర్దుకోను.

మామ ఇప్పుడు చేసే చెంచాలకు కాడ కొంచెం పొడుగ్గా తీస్తున్నారు. ‘శక’ తీరిగ్గా పడుతోంది. ఎవరైనా అడిగితే ఇప్పుడు కథ ఇంకా పొడుగు, డెబ్బై ఎనిమిది కలిపి చూపించే దాకా వదలరు. ఆ రోజు వరండాలో పాప వాయించిన చెంచా మాత్రం దిద్దడానికి నేనివ్వలేదు. ఉత్త 1436తో అలాగే ఉంది, అంచున పాప పళ్ళ గాట్లతో. ఈ రాత్రి కూడా పప్పన్నం దాంతోనే పెట్టాను.